జల్లెడలోంచి జారిపోయిన చిన్న ప్రోటీన్లు

కొన్నేళ్ళ క్రితం నేను రాసిన ఒకే ఒక్క లైను కోడు గురించి ముందు చెప్పాలి.

ఒక క్లయింటు దగ్గర పాత మెయిన్‌ఫ్రేము నుంచి కొత్త డేటాబేసులోకి పింఛనుదారుల రికార్డులు మార్చే పని. పాత ఫైళ్ళ నిండా చెత్త. సగంలో తెగిపోయిన రికార్డులు, ఎవరో ఎప్పుడో టెస్టింగు కోసం పెట్టి మరిచిపోయినవి, ఉత్త ఖాళీలు. కాస్త పరిశీలించి చూస్తే ఆ చెత్తంతా దాదాపుగా వంద అక్షరాల లోపుది. అసలైన రికార్డులు అంతకంటే పొడుగు. ఇంకేం, "పొడవు వంద లోపు ఉంటే వదిలెయ్" అని ఒక షరతు రాసి పడేశాను. టెస్టింగులో బ్రహ్మాండంగా పాసయింది. రిపోర్టు అద్దంలా వచ్చింది. మేనేజరు భుజం తట్టాడు.

మూడు వారాల తరవాత ఒక పెద్దావిడ ఫోను చేసింది, నా చెక్కు రాలేదని. ఆవిడకి మధ్య పేరు లేదు. చిరునామాలో రెండో లైను లేదు. నామినీగా రాయడానికి ఎవరూ లేరు. అందుకని ఆవిడ రికార్డు పొట్టిది. అలాంటివాళ్ళు ఇంకొందరు ఉన్నారని తరవాత తేలింది. వాళ్ళ డేటా ఎక్కడికీ పోలేదు, పాత ఫైల్లో భద్రంగానే ఉంది. వాళ్ళని కనపడకుండా చేసింది నా షరతు. తప్పు నాదే. ఆ శని, ఆదివారాలు ఆఫీసులోనే గడిచాయి.

ఈ సొంత గోల ఎందుకంటే, సరిగ్గా ఇదే పని, సరిగ్గా ఇదే వంద అంకెతో, జీవశాస్త్రం దశాబ్దాల పాటు చేసింది. అక్కడ జల్లెడలోంచి జారిపోయినవి చిన్న చిన్న ప్రోటీన్లు. వాటిలో ఒకటి, పసిపిల్లల మెదడులో పెరిగే ఒక కేన్సరుని బతికించి ఉంచుతోందని 2024లో బయటపడింది.

ఈ సంగతి నాకు పత్రికల్లో కనపడలేదు. నా మిత్రుడొకడు పంపించాడు. వాళ్ళ చిన్నమ్మాయికి ఆ జబ్బు. ఆపరేషను అయింది, రేడియేషను అయింది, మందులు నడుస్తున్నాయి. ఒక రాత్రి పదకొండు గంటలకి వాడి దగ్గర్నుంచి ఒక లంకె, దాని కింద రెండు లైన్లు: "నువ్వు మాస్టర్స్ చదివావు కదరా, ఇదేమిటో చదివి చెప్పు. మా చిన్నదానికి పనికొస్తుందా?"

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. జీవశాస్త్రం ఇంటర్మీడియెట్‌కి ముందే వదిలేశాను. అయినా ఆ ప్రశ్నకి "నాకు తెలీదు" అని జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ ఇదంతా మనకి బాగా పరిచయమైన వ్యవహారంలాగే కనిపించింది. అందుకే ఈ నెల శీర్షికలో జావా, డాట్‌నెట్ల జోలికి పోకుండా ఈ కథ చెబుతున్నాను.

మూడేసి అక్షరాల భాష

ముందు కాస్త పునాది. బయాలజీ చదివినవాళ్ళు ఈ భాగం దాటెయ్యవచ్చు.

మన శరీరంలో ప్రతి కణంలోనూ ఉన్న డి.ఎన్.ఏ. సుమారు 300 కోట్ల అక్షరాల ఫైలు. అక్షరమాలలో ఉన్నవి నాలుగే అక్షరాలు. ఈ ఫైల్లో కావలసిన భాగాన్ని కణం ఆర్.ఎన్.ఏ. అనే చిన్న కాగితం మీదకి నకలు తీసుకుంటుంది. ఆ నకలుని రైబోజోము అనే యంత్రం చదువుతుంది. మనం కాలేజీలో చదువుకున్న ట్యూరింగ్ మెషీను గుర్తుందా? టేపు మీద ఒక తల కదులుతూ ఒక్కొక్క గడినీ చదువుతూ పోతుందే, అచ్చం అలాగే. కాకపోతే రైబోజోము ఒక్కొక్కసారీ మూడేసి అక్షరాలు చదువుతుంది. ప్రతి మూడక్షరాల మాటకీ ఒక అమైనో ఆమ్లాన్ని తెచ్చి దండకి గుచ్చుతుంది. ఆ దండే ప్రోటీను.

నాలుగు అక్షరాలతో మూడక్షరాల మాటలు 64 వస్తాయి. అందులో ఏ-యు-జి అనే మాట "ఇక్కడ మొదలుపెట్టు" అని చెబుతుంది. మూడు మాటలు "ఇక్కడ ఆపు" అని చెబుతాయి. మొదలుపెట్టే మాట నుంచి ఆపే మాట దాకా ఉన్న భాగాన్ని చదువుకోదగ్గ ఖండం అనుకుందాం. ప్రోటీనుకి మూలమైన కోడు ఇలాంటి ఖండంలోనే ఉంటుంది.

అయితే ఇలాంటి ఖండాలన్నీ అసలు కోడేనా? చిక్కంతా అక్కడే ఉంది.

వంద దగ్గర గీసిన గీత

1990లలో జీవుల జన్యుపటాలు ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాక, ఈ అక్షరాల సముద్రంలో జన్యువులు ఎక్కడున్నాయో వెతికే పని కంప్యూటరు ప్రోగ్రాముల మీద పడింది. మొదలుపెట్టే మాట దొరికింది, కొంత దూరంలో ఆపే మాట దొరికింది. మధ్యలో ఉన్నది నిజమైన కోడా, లేక కాకతాళీయమా?

చిన్న లెక్క వేసి చూద్దాం. అక్షరాలు యాదృచ్ఛికంగా పడ్డాయనుకుంటే, ఏ మాటైనా ఆపే మాట అయ్యే అవకాశం 64లో 3. అంటే ఆపే మాట కాకపోయే అవకాశం 64లో 61. వరసగా 30 మాటలు ఆగకుండా సాగిపోయే సంభావ్యత సుమారు 24 శాతం, దాదాపు నాలుగింట ఒక వంతు. అంటే పొట్టి ఖండాలు ఊరికే పుట్టుకొస్తాయి. వరసగా 100 మాటలు సాగిపోయే సంభావ్యత సుమారు 0.8 శాతం. 300 మాటలకైతే పది లక్షల్లో ఒక వంతు కూడా లేదు. కాబట్టి పొడుగు ఖండం కనిపిస్తే నమ్మవచ్చు. పొట్టి ఖండాన్ని నమ్మితే 300 కోట్ల అక్షరాల్లో లక్షలకి లక్షలు నకిలీలు వచ్చి పడతాయి.

అందుకని ఒక గీత గీశారు. కనీసం 100 అమైనో ఆమ్లాలు ఉంటేనే ప్రోటీను, లేకపోతే లెక్కలోకి రాదు. 1996లో ఈస్టు జన్యుపటం పూర్తయినప్పుడు పాటించింది ఈ 100 గీతనే. మనిషి జన్యువుల పట్టిక తయారు చేసినప్పుడూ ఇలాంటి జల్లెడలే పనిచేశాయి. 2003లో మానవ జన్యుపటం పూర్తయింది. ఇవాళ్టి పట్టికల్లో ప్రోటీన్లు చేసే జన్యువులు సుమారు 20,000.

గీత గీసినవాళ్ళని నేను తప్పు పట్టను. ఆ రోజు ఉన్న సమాచారంతో అది సబబైన నిర్ణయం. వాళ్ళ స్థానంలో ఉంటే మనమూ అదే గీసేవాళ్ళం (నేను గీశాను కూడా!). చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పని సులువు కోసం పెట్టుకున్న షరతు కాలక్రమేణా ప్రకృతి నియమం లాగా చలామణీ అయిపోయింది. "వంద లోపు వాటిని మేము చూడలేదు" అన్న మాట మెల్లిగా "వంద లోపు ఏమీ లేవు" అన్న మాటగా మారిపోయింది.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలే కదా, అది ఎలా దొరికింది అని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఇన్సులిన్ మొదట 110 ఆమ్లాల పొడుగు దండగా తయారవుతుంది. తరవాత కణం దాన్ని కత్తిరించి చిన్నది చేస్తుంది. మూలం పొడుగ్గా ఉంది కాబట్టి జల్లెడలో నిలిచింది. పుట్టడమే పొట్టిగా పుట్టినవాటికి ఆ అదృష్టం లేదు.

స్పెల్‌చెక్‌లో మన పేర్లు

పోనీ, జన్యుపటంలో కాకపోయినా కణంలో ఉన్న ప్రోటీన్లని నేరుగా పట్టుకుంటే దొరకవా? అందుకు మాస్ స్పెక్ట్రోమీటరు అనే పరికరం ఉంది. ప్రోటీన్లని ముక్కలుగా కోసి, ఆ ముక్కలని మహా సున్నితంగా తూచి, ఈ తూకం ఏ ప్రోటీను ముక్కకి సరిపోతుందో పట్టికలో వెతుకుతుంది.

పట్టికలో. ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. వెతికేది తెలిసిన ప్రోటీన్ల పట్టికలో. పట్టికలో లేని ప్రోటీను ఎదురుగా ఉన్నా సాఫ్టువేరు దాన్ని గుర్తుపట్టదు. గుర్తుపట్టలేదు కాబట్టి అది పట్టికలోకి ఎక్కదు. ఇది పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత లాంటి వ్యవహారం.

మనకి ఇది అనుభవమే. వర్డులో "సూర్యనారాయణ" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టగానే కింద ఎర్రగీత పడుతుంది. ఆ గీతకి అర్థం ఆ పేరు గల మనిషి లేడని కాదు, మన పేరు వాళ్ళ నిఘంటువులో లేదని. చిన్న ప్రోటీన్లు ఏళ్ళ తరబడి ఎర్రగీత కింద బతికాయి.

దీనికి తోడు ఇంకో ఇబ్బంది. ఒక ప్రోటీను ఉందని ఒప్పుకోవడానికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న నియమం ప్రకారం, దానికే చెందిన వేర్వేరు ముక్కలు కనీసం రెండు దొరకాలి, ఒక్కొక్కటీ కనీసం 9 ఆమ్లాల పొడవుండాలి. పెద్ద ప్రోటీనుని కోస్తే ముక్కలు బోలెడు. ముప్ఫై ఆమ్లాల బుల్లి ప్రోటీనుని కోస్తే అలాంటివి రెండు ముక్కలు దొరకడమే గగనం. గుర్తింపు కోసం రెండు డాక్యుమెంట్లు తెమ్మంటే, ఉన్నదే ఒక్క కాగితం అయినవాడి పరిస్థితి.

రైబోజోము అడుగుజాడలు

ఈ చిక్కుముడి విప్పిన పద్ధతి 2009లో వచ్చింది. కేలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖలో నికొలస్ ఇంగోలియా, జోనథన్ వైస్‌మన్, వాళ్ళ సహచరులు కనిపెట్టిన ఈ పద్ధతి పేరు రైబోజోము ప్రొఫైలింగు.

ఆలోచన చాలా సులువైనది. ఏది కోడో ఏది కాదో మనం ఊహించడం ఎందుకు? యంత్రం ఏది చదువుతోందో చూస్తే పోలేదా? కణంలో పని జరుగుతుండగా రైబోజోములని ఎక్కడివక్కడ ఆపేస్తారు. తరవాత ఆర్.ఎన్.ఏ.ని కరిగించే ఎంజైము పోస్తారు. రైబోజోము కూర్చున్న చోట సుమారు 30 అక్షరాల ముక్క మటుకు దాని కింద భద్రంగా మిగులుతుంది. వర్షం వెలిసాక కారు తీస్తే దాని కింద నేల పొడిగా ఉన్నట్టు. ఆ ముక్కలన్నీ ఏరి, చదివి, జన్యుపటంలో ఎక్కడివో సరిచూసుకుంటే రైబోజోములు ఎక్కడెక్కడ పని చేస్తున్నాయో తెలిసిపోతుంది. పైగా అవి మూడేసి అక్షరాల అంగలు వేస్తాయి కాబట్టి ఆ అడుగుజాడల్లో మూడు-మూడు-మూడు అనే లయ కనిపిస్తుంది. ఆ లయ ఉంటే అక్కడ నిజంగా చదువు జరుగుతోందన్న మాట.

మన భాషలో చెప్పాలంటే, ఇన్నాళ్ళూ సోర్సు కోడు చూసి ఏ ఫంక్షను నడుస్తుందో ఊహించారు. ఇప్పుడు ప్రొఫైలరు తగిలించి, రన్‌టైములో ఏది నడుస్తోందో లాగు తీశారు.

లాగు చూసినవాళ్ళు నివ్వెరపోయారు. ఎవరూ ఊహించని చోట్ల రైబోజోములు కూర్చుని ఉన్నాయి. "ప్రోటీను చెయ్యని ఆర్.ఎన్.ఏ." అని పేరు పెట్టినవాటి మీద కూర్చున్నాయి. పేరున్న జన్యువుల నకళ్ళలో కూడా, అసలు కోడు మొదలవడానికి ముందుండే పీఠిక లాంటి భాగంలో కూర్చున్నాయి. మనం కామెంటు అనుకుని దాటేసిన చోట కోడు నడుస్తోంది! 2022లో అనేక సంస్థల శాస్త్రజ్ఞులు కలిసి అప్పటిదాకా దొరికిన ఇలాంటి ఖండాలని ఒక ప్రామాణిక జాబితాగా ప్రచురించారు. అందులో ఉన్నవి 7,264.

చిన్న మెదడులో పెద్ద శత్రువు

ఇప్పుడు మా మిత్రుడి కూతురి జబ్బు దగ్గరికి వద్దాం. దాని పేరు మెడులోబ్లాస్టోమా. తల వెనక భాగంలో చిన్న మెదడులో పుడుతుంది. పిల్లలకి వచ్చే ప్రాణాంతకమైన మెదడు కణుతుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. పొద్దున్నే తలనొప్పి, వాంతులు, నడకలో తూలు, ఇలా మొదలవుతుంది. వీటిలో ఏదో ఒకటి ప్రతి పిల్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఉంటుంది కాబట్టి ఎవరికీ వెంటనే అనుమానం రాదు. కాని రోజుల తరబడి పొద్దుటి పూటే తలనొప్పీ వాంతులూ వస్తుంటే, నడక తూలుతుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి.

చికిత్స అంటే ఆపరేషను, మెదడుకీ వెన్నుకీ రేడియేషను, ఆ తరవాత కీమోథెరపీ. వీటి పుణ్యమా అని సుమారు పదిమందిలో ఏడుగురు ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. కాని ఎదిగే మెదడు మీద రేడియేషను పడితే చదువు, జ్ఞాపకశక్తి, ఎదుగుదల దెబ్బ తింటాయి. కొన్ని మందులతో వినికిడి తగ్గుతుంది. బతికించడానికి చెల్లించే మూల్యం అది. మరీ చిన్న పిల్లలకి ఆ రేడియేషను ఇవ్వడానికి డాక్టర్లే వెనకాడతారు.

ఈ జబ్బులో నాలుగు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. వాటిలో మూడో వర్గం అని పిలిచేదానిలో, మిక్ అనే జన్యువు ప్రతులు మితిమీరి పెరిగిపోయిన పిల్లల పరిస్థితి అన్నిటికంటే కష్టం. మిక్ పని కణాన్ని "పెరుగు, ప్రోటీన్లు చెయ్యి" అని తరమడం. దాన్ని నేరుగా మందుతో పట్టుకోవడం దశాబ్దాలుగా ఎవరికీ లొంగని పని.

పిల్లల కేన్సర్లలో ఇంకో విశేషం ఉంది. పెద్దవాళ్ళ కేన్సర్లలో డి.ఎన్.ఏ.లో మార్పులు కుప్పలుగా ఉంటాయి: పొగాకు వల్ల కొన్ని, ఎండ వల్ల కొన్ని, వయసు వల్ల కొన్ని. పిల్లలకి అవి పోగుపడే సమయమే లేదు. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం పిల్లల కేన్సర్లలో ఈ మార్పులు పెద్దవాళ్ళ కేన్సర్లలో కంటే 14 రెట్లు తక్కువ. వినడానికి బాగానే ఉంది గాని, మందు తయారుచేసేవాళ్ళకి ఇది కష్టకాలం. గురి పెట్టడానికి లక్ష్యాలు తక్కువ. సోర్సు కోడులో తేడా లేకపోయినా ప్రోగ్రాము తప్పుగా నడుస్తోందంటే, చూడవలసింది అది నడుస్తున్న తీరుని.

ఆస్‌డర్ఫ్ దొరికిన వైనం

సరిగ్గా ఆ పనే చేశారు, నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ నగరంలోని ప్రిన్సెస్ మాక్సిమా పిల్లల కేన్సరు కేంద్రంలో సెబాస్టియాన్ వాన్ హేష్, అమెరికాలో పిల్లల మెదడు కేన్సరు వైద్యుడు జాన్ ప్రెన్స్‌నర్, వాళ్ళ బృందాలు. 2024 జనవరిలో మాలిక్యులర్ సెల్ పత్రికలో వచ్చిన ఈ పరిశోధనకి మొదటి రచయిత డామన్ హోఫ్‌మన్.

మొదట మెడులోబ్లాస్టోమా కణజాలాలు, ప్రయోగశాలలో పెంచే కణాలు కలిపి 32 నమూనాలలో రైబోజోముల అడుగుజాడలు తీశారు. పట్టికలకెక్కని ఖండాలు కోకొల్లలుగా చదవబడుతున్నాయని తేలింది. సరే, చదవబడుతున్నాయి. కాని వాటితో కేన్సరుకి ఏమైనా పని ఉందా?

ఇక్కడ వాడింది క్రిస్పర్. ఒక కోడులో ఏ లైను అవసరమో, ఏది అనవసరమో తెలియకపోతే మనం ఏం చేస్తాం? ఒక్కొక్క లైనునీ కామెంటు చేసి ప్రోగ్రాము నడిపి చూస్తాం. క్రిస్పర్‌తో సరిగ్గా అదే చెయ్యవచ్చు. ఒక్కొక్క ఖండాన్నీ పాడుచేసి కేన్సరు కణాలు బతుకుతున్నాయా, చస్తున్నాయా అని చూశారు. దశలవారీగా, ఒక వడపోత తరవాత ఇంకొకటి పెట్టి, అనేక ఖండాలని పరీక్షించారు. కణం బతుకుకి అవసరమైనవి కొన్ని తేలాయి.

వాటిలో ముఖ్యమైనది ఒకటి, ఏ.ఎస్.ఎన్.ఎస్.డి.1 అనే జన్యువు నకలులో అసలు కోడుకి ముందు, పీఠికలో దాక్కున్న ఖండం. దాని నుంచి వచ్చే ప్రోటీను పేరు ఆస్‌డర్ఫ్. పొడవు 96 అమైనో ఆమ్లాలు. వంద గీతకి నాలుగు తక్కువ!

మరి పీఠికని పాడుచేస్తే వెనకున్న అసలు కోడు కూడా పాడై, కణం అందువల్ల చచ్చిందేమో? మంచి డెవలపరు అడిగే ప్రశ్న ఇది. వాళ్ళూ అడిగారు. ఈ ఖండం పని వెనకున్న పెద్ద ప్రోటీను మీద ఆధారపడినది కాదని తేలింది. ఇన్నాళ్ళూ ఆ జన్యువు పేరుతో చలామణీ అయిన పెద్దాయన కంటే, ఈ కేన్సరు కణానికి గుమ్మంలో కూర్చున్న చిన్నవాడే ముఖ్యం.

ఈ చిన్నవాడు చేసే పని ఏమిటి? కణంలో ప్రోటీన్లు తయారవడం ఒక ఎత్తు, అవి సరిగ్గా మడతపడి, ఒకదానితో ఒకటి కూడుకుని యంత్రాలుగా మారడం ఇంకో ఎత్తు. నవారు మంచం నేసేటప్పుడు రెండో కొస పట్టుకుని నిలబడే మనిషి ఉంటాడే, అలా సాయం పట్టే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ప్రీఫోల్డిన్ తరహా సముదాయం అని ఒకటుంది. ఆస్‌డర్ఫ్ అందులో ఒక సభ్యుడు. ఈ సంగతి 2020లోనే మరో బృందం కనిపెట్టింది. మెడులోబ్లాస్టోమాలో ఇది మామూలు కంటే ఎక్కువగా తయారవుతోందనీ, మిక్ కుటుంబపు జన్యువులతో దీనికి సంబంధం ఉందనీ, ఈ సముదాయంతో చేతులు కలిపే కేన్సరు కణాన్ని బతికిస్తోందనీ 2024 నాటి పరిశోధన చూపించింది. మిక్ కొరడా పట్టుకుని ప్రోటీన్లు చెయ్యమని తరుముతుంటే, ఆ హడావిడిలో నవారు రెండో కొస పట్టుకునేవాడి అవసరం పెరుగుతుందని అనుకుంటే నాకు కథ అతికినట్టుగా ఉంది. ఆ చివరి వాక్యం నా ఊహ మాత్రమే.

తొందరపడకూడని చోటు

ఇలాంటివి చదివిన ఉత్సాహంలో "కేన్సరుకి మందు దొరికింది" అని ఈమెయిళ్ళు పంపించడం మనవాళ్ళకి అలవాటు. అందుకని మూడు మాటలు.

ఒకటి, రైబోజోము చదివినంత మాత్రాన పనికొచ్చే ప్రోటీను వచ్చిందని కాదు. కొన్ని చోట్ల చదవడమే ఒక నియంత్రణ, వెనకున్న అసలు కోడు ఎంత నడవాలో నిర్ణయించే స్విచ్చి. కొన్ని ప్రోటీన్లు పుట్టిన వెంటనే విరిగిపోతాయి. ఇందాక చెప్పిన 7,264 ఖండాలకి ప్రోటీను సాక్ష్యం ఎంత ఉందో ఒక అంతర్జాతీయ బృందం 2024లో వెతికింది. 95,520 ప్రయోగాల నుంచి 380 కోట్ల స్పెక్ట్రాలు జల్లెడ పడితే, కనీసం 25 శాతం ఖండాలకి ముక్కలు దొరికాయి. ఈసారి జల్లెడ పట్టింది పారెయ్యడానికి కాదు, ఏరడానికి. ఇంతకు ముందు వేరే వేరే పనులకి సేకరించిన డేటాని కొత్త పట్టికతో తిరిగి చదివితే దొరికినవే ఇవి. పెద్దావిడ రికార్డు పాత ఫైల్లోనే ఉన్నట్టు.

రెండు, ఆస్‌డర్ఫ్ కేన్సరు కణాలలో మాత్రమే ఉండేది కాదు. మామూలు కణాల్లోనూ దానికి పని ఉంది. దాన్ని అడ్డుకునే మందు తయారుచేస్తే మంచి కణాలకి ఏమవుతుందో చూడాలి.

మూడు, ప్రయోగశాలలో కణాలు చావడానికీ, ఆస్పత్రిలో పిల్ల బతకడానికీ మధ్య దూరం సంవత్సరాలలో కొలవాలి.

మిత్రుడికి ఏం చెప్పాను

ఇదంతా చదవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ తరవాత ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వాడు కాఫీ కలిపి తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పాను. "ఇప్పుడు పనికిరాదురా. దీని నుంచి మందు ఏదీ లేదు. డాక్టరు ఇస్తున్న చికిత్సే ఇప్పించు. అది వదిలి దేని వెంటా పరిగెత్తకు."

వాడు తలూపాడు. "నాకు తెలుసు. అయినా ఎవరో ఒకరు వెతుకుతున్నారా లేదా అని తెలుసుకుందామనీ..." అన్నాడు.

అప్పుడు వాడికి ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చెప్పాను. భీమవరంలో పుట్టిన మనిషి. న్యూయార్క్ దగ్గర లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపారు. 1940లలో పిల్లలకి వచ్చే రక్తకేన్సరు అంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే. ఫోలిక్ ఆమ్లం అందితే ఆ కేన్సరు ఇంకా రెచ్చిపోతోందని బోస్టన్లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు గమనించారు. అంటే అది ఆ కణాలకి కావలసిన వస్తువు అన్న మాట. దాన్ని అడ్డుకుంటేనో? సుబ్బారావు గారి బృందం తయారుచేసిన ఎమినోప్టెరిన్ అనే మందుని ఫార్బర్ పిల్లలకి ఇచ్చారు. 1948లో ఆయన ప్రచురించిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం తాత్కాలికమే, జబ్బు తిరగబెట్టింది. సుబ్బారావు గారు ఆ ఏడాదే పోయారు. కాని దారి తెరుచుకుంది. ఆ మందుకి తమ్ముడైన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుతున్నారు. రేడియేషను ఇవ్వకూడనంత చిన్న వయసు మెడులోబ్లాస్టోమా పిల్లలకి కూడా కొన్ని చికిత్సా పద్ధతుల్లో అదే ఇస్తారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఆ రక్తకేన్సరు, సౌకర్యాలున్న దేశాల్లో ఇప్పుడు పదిమందిలో తొమ్మిదిమందికి నయమవుతోంది.

ఆ కథంతా ఒక్క ప్రశ్న నుంచి మొదలైంది: ఈ కేన్సరు కణం బతకడానికి దానికి ఏం కావాలి? ఆస్‌డర్ఫ్ కథ కూడా ఇప్పుడు ఆ ప్రశ్న దగ్గరే ఉంది. తేడా అల్లా, ఇన్నాళ్ళూ 20,000 పేర్లున్న పట్టికలో జవాబు వెతికారు. ఇప్పుడు ఆ పట్టిక పెద్దదయింది.

ఆ పట్టిక పెద్దది చేసినవాళ్ళలో నాలాంటివాళ్ళూ ఉన్నారు. అడుగుజాడల్లో మూడు-మూడు లయ పసిగట్టే ప్రోగ్రాములు రాసినవాళ్ళు, కోట్ల స్పెక్ట్రాలని తిరిగి వెతికే పైపులైన్లు కట్టినవాళ్ళు. మనలో చాలామందికి ఆ అవకాశం రాకపోవచ్చు. కాని మనం రాసే ప్రతి షరతు వెనకా ఎవరో ఒకరు ఉంటారు. ఆ పింఛను ప్రాజెక్టు తరవాత నాకొక అలవాటు అయింది. ఏ ఫిల్టరు రాసినా, అది పారేసినవాటిని ఇంకో ఫైల్లో దాచి, వారానికొకసారి తెరిచి చూస్తాను. ఎక్కువసార్లు అందులో చెత్తే ఉంటుంది.

లేచి వస్తుంటే చిన్నది గదిలోంచి బయటికి వచ్చింది. నెత్తి మీద ఊలు టోపీ, చేతిలో రంగు పెన్సిళ్ళు. మందుల వల్ల వినికిడి కాస్త తగ్గింది, గట్టిగా మాట్లాడాలి. "అంకుల్, నాన్న అడిగింది చదివేశారా?" అంది.

"చదివేశానమ్మా" అన్నాను గట్టిగా.

"మరి అర్థమైందా?"

"సగం అర్థమైంది. మిగతా సగం ఇంకా కనుక్కుంటున్నారు."

"త్వరగా కనుక్కోమనండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.